దివిసీమ: భూస్వరూపము – చరిత్ర

ఓరుగంటికి చేరువనున్న కొండపర్తి గ్రామమున ఒక శాసనము కలదు. దానిని వేయించినవాడు కాకతీయ గణపతిదేవుని సేనాని మల్యాల చౌండుడు. దాని కాలము శా. శ. 1125, అనగా క్రీ. శ. 1203. సముద్రతీరమునందలి దివిని కొల్లగొన్న పరాక్రమశాలిగా చౌండుడు అందు కీర్తింపబడినాడు. ఓరుగంటికి సుమారు 300 కిలోమీటర్ల దూరమున, కృష్ణానది సముద్రముతో కలియుచోట, ఆ దివియందే గణపేశ్వరమను గ్రామమున మఱియొక శాసనము కలదు. దాని కాలము శా. శ. 1153, అనగా క్రీ. శ. 1231. దానిని వేయించినవాడు దివి ప్రభువుల బిడ్డడైన జాయన. ఇరువదియెనిమిది సంవత్సరముల యెడముతో వెలసిన ఈ రెండు శాసనములును ఒక్క సంఘటనమునే చెప్పుచున్నవి. మొదటిది కొల్ల అని చెప్పినది. రెండవది చుట్టఱికమని చెప్పినది.

మన చరిత్ర గ్రంథములందు దివి ప్రసక్తి సాధారణముగా ఒక్క వాక్యముతో ముగియును: గణపతిదేవుడు తీరాంధ్రమును జయించునపుడు దివిని గూడ జయించి, అచ్చటి ప్రభువుల యాడుబిడ్డలను పరిణయమాడెను. ఈ వాక్యమున దోషము లేదు. అయినను అందు దివి కర్మపదముగనే నిలిచినది, కర్తృత్వమంతయు ఓరుగంటిదే. నది కట్టిన యొక చిన్న దీవికి తనదైన చరిత్ర యొకటి యుండదా? ఉన్నచో దానిని దేనియందు వెదకవలెను? ఈ ప్రశ్నలను పరిశీలించుటయే మా యీ వ్యాసమునకు ప్రయోజనము. కొల్లగొన్నవాని శాసనము మన వాకిటనే యున్నది గనుక, ఈ పరిశీలనము ఓరుగంటివారికి మఱింత విహితమని మేము తలంచుచున్నాము.

1. నేల

కృష్ణానది మహాబలేశ్వరము కడ జనించి, దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమును చేరుచున్నది. విజయవాడ కడ కొండల నడుమ నుండి వెలువడిన పిదప దానికి వాలు తగ్గును, వేగము మందగించును. దక్కను పీఠభూమి నుండి మోసికొని వచ్చిన యొండ్రును ఇక మోయజాలక, అది ఇరుగడల పఱచుచు పోవును. ఇట్లు ఏర్పడినదే కృష్ణా డెల్టా. పులిగడ్డ కడ నది రెండు పాయలుగా చీలుచున్నది. తూర్పు పాయ హంసలదీవి కడ సముద్రమున కలియును. పెద్ద పాయ దక్షిణముగా సాగి, తీరము సమీపించినపుడు మరల చీలి, పెక్కు ముఖములతో సముద్రమును చేరును. ఈ రెండు పాయలకును సముద్రమునకును నడుమ ముక్కోణముగా నున్న నేలయే దివి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు దీనియందలి ముఖ్యస్థానములు.

ఈ భూమికి రెండు గుణములు కలవు. ఒండ్రుమట్టి గావున సారవంతము. సముద్రమట్టమునకు ఇంచుక మాత్రమే యెత్తున నుండుట చేత ఆపన్నము. వరి పండు పొలము దాటి కొంత దూరము పోయినచో చవుడు నేల, దానికావల ఉప్పుటేళ్ళు, వాని వెంట మడ అడవులు, పిదప ఇసుక తిన్నెలు, సముద్రము. కొద్ది క్రోసుల లోపలనే ఇన్ని భూస్వరూపములు ఒకదాని వెంట నొకటి వచ్చుచున్నవి. తీరము చేరువ భూగర్భజలము ఉప్పన. కావున ఇచ్చట త్రాగునీటి చెరువు ఊరికి ప్రాణము వంటిది.

నడి యేటిలోని నేలకు నీటి కొఱత యుండుట వింతగా దోచును గాని, దివి విషయమున అది నిజము. విజయవాడ యానకట్ట 1855లో పూర్తియైనది. దాని కాలువలు డెల్టా నంతటిని సస్యశ్యామలము చేసినను, పాయకావల నున్న దివికి ఆ నీరు సులభముగ అందలేదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున చమురు యంత్రములతో నదీజలమును తోడి దీవి పొలములకు పాఱించు పథకము అమలులోనికి వచ్చినది. అంత పెద్ద కొలత సేద్యమునకు యంత్రములను వినియోగించుట ఆనాటి మన దేశమున అరుదైన విషయము. పిదప పులిగడ్డ కడ పాయమీదుగ కాలువను దాటించు అక్విడక్టు నిర్మింపబడుటతో దివి పొలములు డెల్టా కాలువలతో కలిసిపోయినవి. అవతలి పెద్ద పాయపై పులిగడ్డ–పెనుమూడి వారధి వెలసిన పిమ్మట రేపల్లె వైపునకును బాట యేర్పడినది. నేడు మోపిదేవి నుండి అవనిగడ్డకు బస్సులో పోవు బాటసారికి తాను దీవిలోనికి ప్రవేశించుచున్నానను తలపే కలుగదు.

2. పేరు

సంస్కృత ‘ద్వీప’ శబ్దము ప్రాకృతమున ‘దీవ’ యై, తెలుగున ‘దీవి’ యైనది. హంసలదీవి యను గ్రామనామమున ఈ దీర్ఘము నిలిచియున్నది. సీమ పేరున మాత్రము హ్రస్వమై ‘దివి’ యైనది. స్వర్గవాచకమైన ‘దివి’తో దీనికి సంబంధము లేదు. ఆ రెంటిని కలిపి చేసిన చమత్కారములు కవులకు తగును గాని, నిరుక్తికి పనికిరావు. గణపేశ్వర శాసనమున ఈ సీమకు ‘ద్వీప’ మనియే పేరు. ఎన్నియో దీవులుండగా ఏ విశేషణమును లేక దీనినే ‘దీవి’ యని పిలుచుట గమనింపదగినది. తీరాంధ్ర జనులకు దీవి యనగా ఇదియే యని దీని భావము.

సీమ నామమునకన్న సీమలోని యూళ్ళ నామములు మఱింత యుపయుక్తములు. అవనిగడ్డ, పులిగడ్డ, నాగాయలంక, ఈలచెట్లదిబ్బ, పాలకాయతిప్ప, ఏటిమొగ, సొర్లగొంది, నాచుగుంట, హంసలదీవి. ఈ పేళ్ళ చివరి భాగములను మాత్రము విడదీసి చూచినచో ఒక భూగోళపాఠము మన యెదుట నిలుచును. ఏటి గట్టున మెరకగా నున్న స్థిరమైన నేల గడ్డ. నది ఒండ్రు వేసి తన నడుమ తేల్చిన నేల లంక. చుట్టును పల్లముండగా ఎత్తుగా నున్నది దిబ్బ. ఇసుక పోగుపడి లేచినది తిప్ప. ఏరు సముద్రమున కలియు ముఖము మొగ. ఇఱుకైన సందు గొంది. నీరు నిలుచు పల్లము గుంట.

ఈ పేళ్ళ వరుసను పటముతో సరిపోల్చినచో మఱియొక విశేషము తెలియును. గడ్డలు దీవి శిరోభాగమున, పాయలు చీలుచోట నున్నవి. తిప్పలు, మొగలు, గొందులు సముద్రపు టంచున నున్నవి. అనగా పాత నేల యెచ్చట, కొత్త నేల యెచ్చట, నిలుకడ యైన దెయ్యది, నిలుకడ లేని దెయ్యది యను వివేకము ఈ నామములయందు నిక్షిప్తమై యున్నది. ఈ పేళ్ళు పెట్టినవారు రాజులు కారు, పండితులు కారు. పడవ నడపినవారు, వల విసరినవారు, చవుడు కడిగి నారు పోసినవారు. వారు శాసనములు వేయింపలేదు. వారు మిగిల్చిన లేఖ్యములు ఈ నామములే. కావున దివి చరిత్రకు మేము మూడు ఆకరములను గ్రహించుచున్నాము: కొండపర్తి శాసనము, గణపేశ్వర శాసనము, ఊళ్ళ పేళ్ళు.

3. చూఱయు చుట్టఱికమును

పండ్రెండవ శతాబ్దిలో కృష్ణా ముఖప్రాంతము వెలనాటి చోడుల యేలుబడిలో నుండెను. వారి యధీనమున దివిని పాలించినది అయ్యవంశము. వెలనాటి పృథ్వీశ్వరుని పతనముతో ఆ రాజ్యము విచ్ఛిన్నమైనది. 1199లో సింహాసన మెక్కిన గణపతిదేవుడు తన పాలనారంభముననే తూర్పు తీరమునకు దండు నడపెను. ఓరుగల్లు మెట్టనేలలోని రాజధాని; దానికి సముద్రము లేదు. నౌకావ్యాపారపు రాబడి, డెల్టా ధాన్యము, ఉప్పు కావలెనన్న తీరము వశము కావలెను. 1244–45 నాటి మోటుపల్లి అభయశాసనమున గణపతిదేవుడు సముద్రవర్తకులకు రక్షణ నొసగుట ఈ విధానమునకు పర్యవసానము. దివి ఆ బాటలో తొలి మజిలీలలో నొకటి.

మల్యాల చౌండుడు దివిని గెలిచి గడించిన బిరుదమున సంస్కృతమున ‘లుంటాక’ శబ్దమును, తెలుగున ‘చూఱకాఱ’ శబ్దమును వాడబడినవి. ‘దివిచూఱకాఱ’ యనగా దివిని చూఱగొన్నవాడని యర్థము. చూఱ యనగా దోపిడి. ఈ బిరుదమును మల్యాలవారు తరువాతి తరములందును ధరించిరి. 1276 నాటి బూదపుర శాసనముతో తెలుగు సాహిత్య చరిత్రలో స్థానము పొందిన కుప్పాంబిక భర్త మల్యాల గుండనాథుడు ఈ వంశమువాడే. నేడు దోపిడి యను మాట నిందార్థకము. ఆనాటి వీరసమాజమున అది బిరుదము కాదగిన మాట. ఈ వ్యత్యాసమును గుర్తింపక ఆ బిరుదమును కేవలము స్తోత్రముగ చదువుట యెట్లు పొరపాటో, నేటి నీతితో దానిని తూచి విడుచుటయు అట్లే పొరపాటు. చారిత్రకునకు కావలసినది దానియందలి సాక్ష్యము. ఆ సాక్ష్యము స్పష్టమే: దివికి దోచుకొనదగినంత సంపద యుండెను.

గణపేశ్వర శాసనమున చూఱ మాట లేదు. అందు కాకతీయుల వంశక్రమము, అయ్యవంశ క్రమము వరుసగా వర్ణింపబడినవి. గణపతిదేవుడు పిన్నచోడి కుమార్తెలైన నారాంబ, పేరాంబలను వివాహమాడుటయు, వారి సోదరుడైన జాయనను తన కొలువున చేర్చుకొని గజసాహిణిగ నియమించుటయు అందు చెప్పబడినవి. జాయన తన జన్మభూమియైన దీవిలో దేవాలయము కట్టించి, దానికి రాజు పేరిట గణపేశ్వరమని పేరిడెను. ఆ దేవుని పేరే నేటికిని ఆ యూరి పేరు. జయించిన రాజు పేరు జితమైన నేలపై శాశ్వతముగ నిలిచినది. నిలిపినవాడు ఆ నేల బిడ్డడే.

ఇచ్చట ఒక శంక పొడమును. గణపేశ్వర శాసనమును దివి పక్షపు సాక్ష్యముగ గ్రహింపవచ్చునా? దానిని వేయించునాటికి జాయన కాకతీయ కొలువున పెక్కేండ్లు గడపిన అధికారి, రాజునకు బావమఱది. ఓటమిని గూర్చి మౌనము వహించుటకు ఆయనకు కారణములు లేకపోలేదు. కావున ఆ మౌనమును చూచి కొల్ల జరుగలేదనుట చెల్లదు. కొండపర్తి శాసనమును మాత్రము చూచి, దివి నశించినదనుటయు చెల్లదు. కొల్ల తరువాత సంధి, సంధి తరువాత సంబంధము, సంబంధము తరువాత పదవి: రెండు శాసనములను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చదివినపుడే ఈ క్రమము పూర్తియగును. సామంతులను నిర్మూలింపక తమలో చేర్చుకొనుట కాకతీయుల రాజనీతిలో ప్రధానాంశము. దాని విధము దివి విషయమున తెలిసినంత స్పష్టముగ మఱియొకచోట తెలియుట యరుదు.

4. జాయన

చేబ్రోలు శాసనమువలన 1213 నాటికే జాయన ఉన్నతపదవిలో నుండెనని తెలియుచున్నది. ఆయన అచ్చట తన తండ్రి పేరిట చోడేశ్వరాలయమును నెలకొల్పెను. ఒకచోట రాజు పేర గుడి, ఒకచోట తండ్రి పేర గుడి. ఈ రెండు నామకరణములయందును ఆయన జీవితపు టిరుప్రక్కలు గోచరించుచున్నవి.

జాయన కీర్తికి ముఖ్యకారణము నృత్తరత్నావళి. 1253–54లో సంస్కృతమున రచింపబడిన ఈ గ్రంథమున ఎనిమిది యధ్యాయములు కలవు. మొదటి నాలుగింట భరతమార్గమును, చివరి నాలుగింట దేశి నృత్తములను ఆయన నిరూపించెను. పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, చిందు మొదలైన దేశి రూపముల వివరణమువలన ఈ గ్రంథమునకు అఖిలభారత ప్రాముఖ్యము కలిగినది. 1965లో వే. రాఘవన్ గారి పరిష్కరణముతో మద్రాసున మూలము ప్రకటింపబడినది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి తెలుగు అనువాదము తరువాత వెలువడినది. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యమును పునరుద్ధరించునపుడు ఈ గ్రంథమును, రామప్ప దేవాలయ శిల్పమును ఆధారములుగ గ్రహించిరి. జాయన గీతరత్నావళి, వాద్యరత్నావళి యను గ్రంథములను గూడ రచించెనని ప్రసిద్ధి.

రామప్ప శిల్పములే జాయనకు ప్రేరణమని మన ప్రాంతమున ఒక వాడుక కలదు. రేచర్ల రుద్రుడు ఆ యాలయమును 1213లో కట్టించెను. నృత్తరత్నావళి దానికి నలువదేండ్లు తరువాతిది. కావున కాలము ఈ మాటకు బాధకము కాదు. అయినను సంభావ్యత వేఱు, నిరూపణము వేఱు. ఇట్టిదే మఱియొక వాడుక దివి వైపునను కలదు. కూచిపూడి పూర్వపు దివి తాలూకాలోనిదే గనుక, ఆ నాట్యసంప్రదాయమునకు జాయనయే మూలమని కొందఱు సంబరపడుదురు. ఇరువురి నడుమ శతాబ్దుల యెడము కలదు. స్థలసామీప్యము పరంపరకు ప్రమాణము కానేరదు. పరిశోధక విద్యార్థులు ఈ రెండు వాడుకలను ఒకే త్రాసున తూచవలెను. ఓరుగంటికి ప్రియమైనది గావున ఒకటి నిజమై, దివికి ప్రియమైనది గావున మఱియొకటి కల్ల కాదు.

మన తరగతులలో జాయనను ‘కాకతీయ సేనాని’ యని పరిచయము చేయుచున్నాము. అది సత్యమే. కాని ఆయన దీవి బిడ్డడు. ఆయన పుట్టిననేల చూఱకు గురియైనది; ఆయన సోదరీమణులు విజేత యంతఃపురము చేరిరి; ఆయన విజేత కొలువున పెరిగి, ఏబదియేండ్ల పిదప ఆ కొలువునకే చిరకీర్తి తెచ్చు గ్రంథమును రచించెను. ఈ పూర్వకథను విడిచి ఆ గ్రంథమును బోధించుట అసంపూర్ణమని మా యభిప్రాయము.

5. తరువాతి శతాబ్దులు

దివి తాలూకా పేరు దీవిదే యైనను, దాని హద్దులు పాయ నావలికి విస్తరించి యుండెను. బౌద్ధ శిథిలములకు పేరెన్నికగన్న ఘంటసాల, ఆంధ్రమహావిష్ణువు వెలసిన శ్రీకాకుళము, క్షేత్రయ్య పేరుతో ముడివడిన మొవ్వ ఆ తాలూకాలోనివే. కళింగ దండయాత్రా సందర్భమున కృష్ణదేవరాయలు శ్రీకాకుళమున నిలిచినపుడు ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున ఆనతిచ్చుటయే ఆముక్తమాల్యదా రచనకు హేతువని ఆ గ్రంథపీఠిక వలన తెలియును. పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున పెదప్రోలునకు చెందిన కాసుల పురుషోత్తమకవి ఆ దేవునిపై ఆంధ్రనాయకశతకమును, దీవి కొననున్న వేణుగోపాలునిపై హంసలదీవి గోపాలశతకమును రచించెను. ఒక దేవుడు ఏటి యొడ్డున, మఱియొక దేవుడు కడలి యొడ్డున. ఒకే కవి ఇరువురిని కొనియాడుటవలన పాయ నీవలి జనులును ఆవలి జనులును ఒకే సమాజమై మెలగిరని తెలియును.

ఐరోపా వర్తకుల కాలమున దివికి కొత్త విలువ వచ్చినది. మచిలీపట్టణపు రేవునకు అది ప్రక్కనే యుండుట దీనికి కారణము. 1750 తరువాతి సంవత్సరములలో మచిలీపట్టణముతో పాటు దివియు ఫ్రెంచివారి వశమైనది. 1754 చివర పుదుచ్చేరి పక్షమున గొదెహు, మద్రాసు పక్షమున సాండర్సు కుదుర్చుకొనిన తాత్కాలిక సంధిలో ఒక విశేషము కలదు. మచిలీపట్టణమును, దివిని ఇరువురును సమముగ పంచుకొనవలెను. లేదా ఒకరు పట్టణమును, మఱియొకరు దీవిని గ్రహింపవలెను. ప్రసిద్ధమైన రేవుపట్టణమునకు ఒండ్రుదీవి సరితూకమైనదన్నమాట. యుద్ధము మరల చెలరేగుటచేత ఆ యేర్పాటు నిలువలేదు. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు మచిలీపట్టణపు కోటను పట్టుకొనుటతో ఆ సర్కారును, దానితోపాటు దివియు ఆంగ్లేయుల పాలైనవి.

ఆంగ్లేయ పాలనమున అవనిగడ్డ ముఖ్యస్థానముగ దివి తాలూకా యేర్పడినది. 1985లో ఆంధ్రప్రదేశమున తాలూకాలు పోయి మండలములు వచ్చినపుడు అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వేర్వేఱు మండలములైనవి. ‘దివి’ పేరుతో మండలము వెలయలేదు. ఇంచుమించు ఎనిమిది శతాబ్దులు శాసనములయందును, సంధిపత్రములయందును, రెవెన్యూ దస్త్రములయందును నిలిచిన పేరు ప్రభుత్వపు పట్టికనుండి అట్లు తొలగిపోయినది. జనుల నోట మాత్రము ‘దివిసీమ’ నేటికిని చెక్కుచెదరలేదు.

6. ఉప్పెన

ఇంతవరకు చెప్పినది మనుష్యులు చేసిన చూఱ. దివికి మఱియొక చూఱ కలదు. అది సముద్రము చేయునది. బంగాళాఖాతపు శిరోభాగము లోతు తక్కువ. తుపాను తీరమును తాకునపుడు గాలి త్రోయు నీరు పోవ చోటులేక ఎత్తుగ లేచి నేలపై పడును. దీనినే మన జనులు ఉప్పెన యందురు. ఒండ్రునేల చదునుగ నుండుటచేత దానికి అడ్డుండదు.

1864 నవంబరు 1వ తేది రాత్రి మచిలీపట్టణ తీరమును ముంచిన యుప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరని ఆనాటి లెక్క. 1977 నవంబరు 19వ తేదిని వచ్చిన తుపానులో సుమారు ఐదు మీటర్ల యెత్తున సముద్రము దివిపై పడినది. అధికార గణనము ప్రకారమే మృతులు సుమారు పదివేలు. వారిలో అధికసంఖ్యాకులు దివి తాలూకావారు. గణనమున చేరనివారు ఎందఱో కలరని పలువురి యభిప్రాయము. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు గ్రామములు ఒక్క రాత్రిలో పాడువడినవి. మేము ముందు పేర్కొన్న గ్రామనామములను ఇచ్చట స్మరింపవలెను. గొంది, తిప్ప అను పేరుగల చోట్లకే సముద్రము ముందుగా వచ్చినది. పేళ్ళు పెట్టిన పూర్వులు ఆ నేల స్వభావమును తప్పుగ చెప్పలేదు.

1977 తరువాత తుపాను ఆశ్రయభవనములు కట్టబడినవి. హెచ్చరిక యేర్పాటులు మెఱుగైనవి. 1990 మే 9వ తేదిని ఇంచుమించు అంతే తీవ్రతగల తుపాను కృష్ణా ముఖమున చేరువనే తీరము దాటినది. ముందుగనే ఆఱున్నర లక్షల మందిని సురక్షితస్థలములకు తరలించుటచేత మృతులసంఖ్య 967 వద్ద ఆగినది. పదమూడేండ్ల యెడములో మాఱినది సముద్రము కాదు, మనుష్యుల సన్నాహము.

పల్లపు దీవుల యీ గతి మన దేశమునకే పరిమితము కాదు. జర్మనీ దేశమున ఉత్తరసముద్రతీరమున హాలిగ్ లను చిన్న దీవులు కలవు. వానిలో హోగె యను దీవి సుమారు నూఱుమంది నివాసులతోనే ప్రత్యేక పురపాలన గల గ్రామము. అచ్చటివారు మట్టితో దిబ్బలు కట్టి వానిమీదనే యిండ్లు కట్టుకొందురు. ఉప్పెన వచ్చినపుడు దిబ్బలు మాత్రమే నీటిపై మిగులును. 1634లో స్ట్రాండ్ అను పెద్దదీవి ఒక్క రాత్రి యుప్పెనలో ముక్కలైనది. పెల్‌వోర్మ్, నోర్డ్‌స్ట్రాండ్ దాని శేషములు. 1962 ఉప్పెన తరువాత ప్రతి యింట గట్టి స్తంభములపై ఆశ్రయపుగది కట్టిరి. మన దివిలోని ‘దిబ్బ’ వారికి నిర్మాణవిధానమైనది. మనకు గ్రామనామముగ మిగిలినది.

ఈ పోలికయందు మన విద్యార్థులు గ్రహింపదగినది వేఱొకటి కలదు. 1362 నాటి యుప్పెనలో మునిగిన రుంగ్‌హోల్ట్ అను పట్టణము అచ్చటివారికి చాలకాలము కథగనే యుండెను. భౌతికశాస్త్రజ్ఞులును, పురావస్తుశాస్త్రజ్ఞులును కలిసి తీరపుబురదను శోధించి, 2023లో దానికి చెందిన చర్చి పునాదులను గుర్తించిరి. జనశ్రుతిని త్రోసివేయక, దానిని నమ్మియు ఊరకుండక, పరీక్షించిరి. దివిలో ఊరు ఊరికిని ఇట్టి జనశ్రుతులు కలవు.

7. ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలిన యంశములను ఇట్లు క్రోడీకరింపవచ్చును. దివి యను సీమ నదియును సముద్రమును కలిసి నిర్మించినది. దాని సంపదకును ఆపదకును మూల మొక్కటే. దాని రాజకీయచరిత్రను తెలుపు రెండు శాసనములలో నొకటి విజేతది, రెండవది విజేత కొలువునందలి యా నేల బిడ్డనిది. ఒకటి చెప్పనిది మఱియొకటి చెప్పును గావున రెంటిని కలిపియే చదువవలెను. ఆ రెంటియందును కానరాని సామాన్యజనుల యెఱుక గ్రామనామములయందు నిలిచియున్నది.

ఈ మూడవ యాకరమే నేడు అన్నిటికన్న ఎక్కువ ప్రమాదమున నున్నది. రాళ్ళను పురావస్తుశాఖ సంరక్షించును, శాసనపాఠములు అచ్చైనవి. నామముల సంగతి అట్లు కాదు. కృష్ణపై వరుసగ కట్టిన జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచేత డెల్టా యంచునకు కొత్తమట్టి రాక తగ్గినది. సముద్రము తీరమును కోయుచున్నది. పొలములు ఱొయ్యల చెరువులగుచున్నవి. ఒక తిప్ప కోతకు గుఱియైనచో దాని పేరును, ఒక పొలము చెరువైనచో దాని గట్టు పేరును, వానిని పలికిన ముదుసలితో పాటు అంతరించును. గ్రామనామములు పటములపై ఉండవచ్చును. పొలముల పేళ్ళు, రేవుల పేళ్ళు, కాలువల పేళ్ళు, మడ అడవిలోని దారుల పేళ్ళు ఏ పటముపైనను లేవు.

కావున తెలుగుశాఖల పరిశోధక విద్యార్థులకు మా విన్నపము ఒకటి. శాసనములను చదువుటకు కొండపర్తికి పోయినవారు గణపేశ్వరమునకు గూడ పోవుదురు గాక. అచ్చట శాసనమును చూచి మరలిరాక, నాగాయలంక రేవున పడవవాని ప్రక్క కూర్చుండి, అతడు పాయలకు, దిబ్బలకు, గాలులకు, పోటుపాటులకు వాడు మాటలను వ్రాసికొందురు గాక. మెకంజీ సేకరింపించిన కైఫీయతులు పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో ఆంధ్రదేశమున పెక్కు గ్రామములకు చేసిన యుపకారమును ఇట్టి సేకరణము నేడు దివికి చేయగలదు.

ఎనిమిది వందల యేండ్ల క్రిందట ఓరుగంటి నుండి దివికి పోయినవారు చూఱతో తిరిగివచ్చిరి. నేడు ఓరుగంటి నుండి పోవువారు ఆ సీమ మాటలను మూటగట్టి, ఆ సీమవారి పేరిటనే భద్రపఱచుట ఉచితము. ఈ యంశమును విజ్ఞులు పరిశీలింతురు గాక యని మా ప్రార్థనము.